ఎసరు సప్పుడు

మొన్నటి జరం పోతుపోతు నా ముక్కును పట్కపోయింది.
ఉప్పు తెలుస్తది, పులుపు తెలుస్తది,
కారమైతే కండ్లకే తెలుస్తది.
పప్పే తెలుస్తలేదు.
నాల్క మీద మెత్తగ, ఎచ్చగ ఏదో ఉంటది,
దాని పేరు యాదికి రాదు.

ఎంజీఎంల డాక్టరు మల్ల వస్తదన్నడు,
ఎప్పుడొస్తదో చెప్పలే.
దినాం రెండుపార్లు లవంగం వాసన సూడుమన్నడు.
సూస్తున్న.
లవంగమంటే కొసకు గుండు ఉన్న పుల్ల, గంతే.

గందుకని చెవులతోటి వండుడు నేర్సిన.

కందిపప్పు చాటల పోస్తే సన్నటి వాన.
మంచిదైతే గలగలంటది,
పురుగు పట్టింది జెర బొంగురు పోతది.
రెండు నీళ్లు కడిగి, మూడో నీళ్లల్ల నానబెడుత.
చిటికెడు పసుపు, చుక్కంత నూనె.
మూడు సీటీలు పోనిచ్చి
నాలుగోది గొంతు సవరించుకుంటుండంగనే బందు పెట్టాలె.
మా స్టవ్వుకు గది లెక్క,
మీ స్టవ్వు సంగతి నాకు తెల్వది.

లక్ష్మీపురం మార్కెట్ల గంగవాయిలి కూర తెచ్చిన.
లేత కాడ ఇరిస్తే టిక్కుమంటది,
ముదురు కాడ మాట్లాడది, నారలెక్క సాగుతది.
చింతపండు పిసుకుడు చేతులకే ఎరుక.

పోపు కాడనే ఆగమైత.
ఆవాలతోటి బాధ లేదు,
అవి మా ఆడిబిడ్డ అసొంటియి, ఏదున్నా మొకం మీదనే.
జీలకర్ర గుసగుస పెడుతది.
ఎల్లిగడ్డ మాత్రం
సప్పుడు చెయ్యకుంటనే మాడుతది.

గందుకే కిటికీకి ఫైజాన్‌ను పెట్టుకున్న.
మట్టెవాడ సందుల మా పక్కింటి పోరడు, మూడో తరగతి.
కూలి ఒక పల్లిపట్టి.
ఊచలు పట్టుకొని ముక్కు లోపలికి పెట్టి చెప్తడు:
"ఇంక పచ్చిగనే ఉన్నది పెద్దమ్మా."
"ఆఁ, ఇప్పుడు మా నానీ ఇల్లు లెక్క వస్తుంది."
"దించు. దించు దించు!"
కల్యామాకు ఏస్తే ఇద్దరం ఒక్కటేపారి ఎనకకు జరుగుతం.

నిన్న పల్లిపట్టి నములుకుంట అన్నడు,
"సోమారం నాడు మాడగొట్టినవ్ గద.
నేను ఖాలా తోని కాజీపేట పోయింటి,
వచ్చేటాల్లకు గల్లీ గల్లంత వాసన.
పెద్దబాపు చెప్పొద్దన్నడు.
ఐదు రూపాలిచ్చిండు."

సోమారం.
ఎనుమాముల మార్కెట్ల మిర్చి బస్తాలు మోసి
తుమ్ముకుంట వచ్చిండు మా ఇంటాయన.
హమాలీలంత సారంగం అంటరు, నాకు మాత్రం "ఇగో".
ఆ దినం పప్పు రెండుపార్లు ఏయించుకున్నడు.
కుక్కరు నేనే తోముతనన్నడు.
ముప్పై ఏండ్లకు బుద్ధొచ్చిందని నేను మురిసిన.
నల్లా కాడ గీకుడు సప్పుడు చానసేపు ఇనొచ్చింది.
గదొక్కటి నా చెవులకు అర్థం కాలే.

ఇయ్యాల మల్ల పప్పే వండిన.
ఫైజాన్‌ను పిలిచి, ఎల్లిగడ్డ ఎర్రగైందాక నిలబెట్టుకున్న.
అన్నీ ఏసిన.
ఉప్పు ఏయలే.
కావాల్నని.

"ఎట్లున్నది?" అన్న.
"మస్తుంది" అన్నడు, పళ్లెం మీది నుంచి కండ్లెత్తకుండ.
ఇంకో ముద్ద. ఇంకోటి.
మూడో ముద్ద జెర సేపు నోట్లనే ఉన్నది.
నీళ్లు తెచ్చుకుంటనని చెంబు పట్కొని లోపలికి పోయిండు.
చెంబు నిండనే ఉండె.

మా ఉప్పు డబ్బ మూత ప్లాస్టిక్‌ది,
ఎంత మెల్లగ తిప్పినా ఒక్కపారి కీచుమంటది.
అన్నది.

వచ్చి కూసున్నడు.
ఎడమచెయ్యి పిడికిలి మూసే ఉన్నది.
నేను గోడ దిక్కు తిరిగి
గడియారంల టైమెంతయిందో సూసిన.
అది ఆగి రెండేండ్లాయె.